ఒకే రాత్రి, ఒకే ఫ్రాక్చర్, రెండు గంటల తేడా

ప్రశ్న

మేడమ్, నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్స్ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పోయిన నెల ఒక రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ. అప్పటికి నిద్ర లేకుండా 26 గంటలైంది. పదకొండింటికి బైక్ మీద నుంచి పడిన ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. ముంజేయి విరిగింది. 'డాక్టర్, పెయిన్ ఎయిట్ అవుటాఫ్ టెన్' అన్నాడు. పది నిమిషాల్లో ఇంజెక్షన్ రాశాను. దాదాపు అదే టైముకి సెంట్రింగ్ పనికి వెళ్లే ఒక ఆవిడ వచ్చింది. సాయంత్రం చెక్క మీద నుంచి జారి పడిందట. ఆమెకీ ముంజెయ్యే, ఎక్స్‌రే ఇంకా అధ్వానంగా ఉంది. గోడ పక్కన కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంది. ఏమీ అడగలేదు. ఒంటిగంటన్నరకు సిస్టర్ వచ్చి 'ఆ అమ్మకి నొప్పికి ఏమీ వేయలేదు మేడమ్' అంటే అప్పుడు రాశాను. మర్చిపోయానని కూడా చెప్పుకోలేను. రెండుసార్లు ఆమె పక్క నుంచే వెళ్లాను. 'బాగానే ఓర్చుకుంటోంది' అనుకున్నట్టు గుర్తు.

మా నాన్న తాపీమేస్త్రీ. మా అమ్మ ఇప్పటికీ ఆయనతోపాటు పనికి వెళ్తుంది. మా ఇంట్లో నేనే మొదటి డాక్టర్ని. ఆవిడ స్థానంలో మా అమ్మ ఉండొచ్చు. నాలోనే ఏదో పాడు ఉందా? లేక ఇదంతా డ్యూటీ టెన్షనేనా? ఆవిడకి క్షమాపణ చెప్పాలా?

— ఒక పీజీ

జవాబు

అమ్మా, మా అమ్మాయి కన్నా చిన్నదానివి, అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ 'బాగానే ఓర్చుకుంటోంది' దగ్గరే ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా మత్తు డాక్టర్‌గా పనిచేశాను. ఆ మాట ఆపరేషన్ థియేటర్లో విన్నాను, కాన్పుల వార్డులో విన్నాను, కాలిన గాయాల వార్డులో విన్నాను. నా నోటితోనూ అన్నాను. ఆ కథ తర్వాత చెప్తాను. ముందు నువ్వడిగినదానికి వస్తాను.

నాలోని పాడా, డ్యూటీ టెన్షనా అని అడిగావు. ఆ రెండింటినీ విడదీసి చూడలేం. నీరు పల్లమెరుగు అంటారు కదా, అలసిన బుర్ర కూడా అంతే. తీరిక ఉన్నప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆలోచిస్తాం. తీరిక లేనప్పుడు బుర్ర దానికి సులువైన దారిన పోతుంది. ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు, ఎవరికి కోపమొస్తే మనకు ఇబ్బంది, ఎవరు ఏమీ అనరు అన్న లెక్క చిన్నప్పటి నుంచీ ఊళ్లో, బడిలో, బస్సులో, హాస్టల్లో చూస్తూ పెరిగిందే. ఆ లెక్కను నువ్వు కనిపెట్టలేదు. కానీ ఆ రాత్రి నీ చేతి మీదుగా అమలైంది. అందుకే నీ తప్పేమీ లేదని నేను అనను. నువ్వు చెడ్డదానివనీ అనను.

నీకు జరిగిందానికి చాలా దగ్గరగా ఉన్న ఒక పరిశోధన 1993లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. లాస్ ఏంజెలస్‌లో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఎమర్జెన్సీకి చేతుల్లో, కాళ్లలో పొడవాటి ఎముకలు విరిగి వచ్చిన 139 మంది కేస్ షీట్లను నాక్స్ టాడ్ అనే డాక్టరూ ఆయన సహచరులూ తిరగేశారు. తెల్లవాళ్లలో నొప్పికి ఏ మందూ పడనివాళ్లు 26 శాతం. స్పానిష్ మాట్లాడే కుటుంబాల నుంచి వచ్చిన హిస్పానిక్ రోగుల్లో 55 శాతం. 2000లో అదే టాడ్ అట్లాంటాలో నల్లజాతి రోగుల మీద ఇలాంటి లెక్కే తీస్తే, ఎముక విరిగిన తెల్లవాళ్లలో 74 శాతానికి నొప్పి మందు అందింది, నల్లవాళ్లలో 57 శాతానికే.

ఈ రెండింటి మధ్య, 1994లో, ఆయన వేసుకున్న ప్రశ్న నీకు ముఖ్యం. డాక్టర్లు హిస్పానిక్ రోగుల నొప్పిని తక్కువగా అంచనా వేస్తున్నారా? రోగి చెప్పిన నొప్పినీ, డాక్టర్ వేసిన అంచనానూ పక్కపక్కన పెట్టి చూశారు. అంచనా వేయడంలో రెండు గుంపుల మధ్య తేడా కనపడలేదు. ఆ ఆసుపత్రి డాక్టర్లకు ఎవరి నొప్పైనా ఒకేలా కనపడుతోందన్నమాట. అయినా మందు మాత్రం ఒకేలా అందలేదు. నువ్వు ఆవిడ పక్క నుంచి రెండుసార్లు వెళ్లానని రాశావు. ఊగుతూ ఉందని రాశావు. చూశావు తల్లీ. చూసినదానికీ చేసినదానికీ మధ్య ఏదో తెగిపోయింది.

అక్కడ తెగేదేమిటో తెలుసుకోవడానికి 2014లో డయానా బర్జెస్ బృందం అమెరికాలో 98 మంది డాక్టర్లతో ఒక ప్రయోగం చేసింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న ఒక ఊహించిన రోగి వివరాలు ఇచ్చి, ఏం మందు రాస్తారని అడిగారు. కొందరికి ఆ రోగి నల్లజాతివాడు, కొందరికి తెల్లవాడు. డాక్టర్లలో కొందరిని తీరిగ్గా ఆలోచించుకోనిచ్చి, మిగతావాళ్ల బుర్ర మీద అదనపు భారం పెట్టారు. తీరిక ఉన్న మగ డాక్టర్లలో నల్ల రోగికి మార్ఫిన్ జాతి మందు రాసినవాళ్లు 30.8 శాతం, తెల్ల రోగికి రాసినవాళ్లు 10.5 శాతం. భారం పెట్టినవాళ్లలో ఇది తిరగబడింది: నల్ల రోగికి 12.5 శాతం, తెల్ల రోగికి 30 శాతం. ఆడ డాక్టర్లు మాత్రం రెండు పరిస్థితుల్లోనూ నల్ల రోగికే ఎక్కువగా రాశారు. నడుము నొప్పికి ఆ మందు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. 98 మందితో చేసిన ప్రయోగంలోని అంకెల్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతాలు చెప్పడం కూడా నాకిష్టం లేదు. నేను అందులోంచి తీసుకున్నది ఒక్కటే. బుర్ర మీద బరువు మారితే, ఎవరికి మందు అందుతుందన్నది కూడా మారిపోవచ్చు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. 2022లో జెరూసలెం పరిశోధకులు నీలాగే 26 గంటల డ్యూటీ దిగిన రెసిడెంట్లనూ (శిక్షణ పొందుతూ పనిచేసే డాక్టర్లు), అప్పుడే డ్యూటీ ఎక్కుతున్నవాళ్లనూ పోల్చారు. డ్యూటీ దిగినవాళ్లకు ఇతరుల నొప్పి మీద స్పందన తగ్గింది. ఆసుపత్రి రికార్డులు చూస్తే, నొప్పితో వచ్చిన రోగులకు పగలు రాసినంతగా రాత్రిపూట నొప్పి మందులు రాయలేదు. రాత్రిపూట రోగి నొప్పేమీ తగ్గదు కదా.

ఇప్పుడు నిన్ను ఎక్కువగా బాధపెడుతున్న విషయానికి వస్తాను. 'ఆవిడ స్థానంలో మా అమ్మ ఉండొచ్చు' అన్నావు. మనవాళ్ల నొప్పి మనకు తప్పక అర్థమవుతుందని అందరం అనుకుంటాం. 2024లో ఇజ్రాయెల్, అమెరికా ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా డిశ్చార్జి కాగితాలు పరిశీలిస్తే, అదే రకం నొప్పితో వచ్చినా ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా తక్కువగా నొప్పి మందులు రాశారని తేలింది. రాసింది ఆడ డాక్టరైనా తేడా పోలేదు. మన గడప నుంచి వచ్చినంత మాత్రాన మన చుట్టూ ఉన్న చూపు మనకు అంటకుండా పోదు. పైగా మన ఇళ్లలో ఓర్పును మెచ్చుకుంటూ పెంచుతారు. మీ అమ్మ వేలికి మేకు దిగినా గుడ్డ చుట్టుకుని పని పూర్తిచేసి వచ్చి ఉంటుంది, ఇంట్లో దాన్ని గొప్పగా చెప్పుకుని ఉంటారు. కష్టపడే ఒంటికి నొప్పి పట్టదన్న మాట నువ్వు పరాయివాళ్ల దగ్గర నేర్చుకోలేదేమో. అమ్మ మీది ప్రేమలోంచే నేర్చుకుని ఉండొచ్చు. ఆ రాత్రి ఆవిడ మీ అమ్మలా కనపడబట్టే, ఆమె ఓర్చుకోగలదని నీ మనసు నమ్మిందేమో ఒకసారి ఆలోచించు.

నమ్మకాలు చదువుతో పోతాయనుకోకు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో 222 మంది మెడికల్ విద్యార్థుల్నీ రెసిడెంట్లనీ అడిగితే, నల్లవాళ్ల చర్మం తెల్లవాళ్ల చర్మం కన్నా మందంగా ఉంటుంది వంటి తప్పుడు మాటల్లో కనీసం ఒకదాన్ని దాదాపు సగం మంది నిజమేననో, నిజం కావచ్చనో అన్నారు. అలా నమ్మినవాళ్లు నల్ల రోగి నొప్పిని తక్కువగా లెక్కేశారు, సరిపడని వైద్యాన్ని సూచించారు. మన దగ్గర ఆ మాటలు వేరే రూపంలో ఉంటాయి. 'రాటుదేలిన ఒళ్లు', 'మొండి ఘటం', 'వీళ్లకి అలవాటే'. కాన్పు బల్ల మీద కేక పెట్టిన పేద పిల్లని కసురుకోవడం నువ్వు హౌస్ సర్జన్సీలోనే చూసి ఉంటావు. ఇక్కడ ఇంకో చిక్కుంది. పేదవాళ్లు ఊరుకుంటే ఓర్చుకుంటున్నారంటాం. అరిస్తే నటిస్తున్నారంటాం, కేసు కోసం చేస్తున్నారంటాం. బ్యాంకు ఉద్యోగికి ఈ రెండు ముద్రల్లో ఏదీ పడదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాం.

నా కథ చెప్తానన్నాను. తొంభైల్లో, ఏజెన్సీకి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. పన్నెండు, పదమూడేళ్ల కోయ అబ్బాయి రెండు నెలలకోసారి ఒళ్లు నొప్పులతో వచ్చేవాడు. సికిల్ సెల్ వ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే, రక్తం అందక ఎముకల్లోంచి నొప్పి పుడుతుంది. పైకి గాయం ఉండదు, వాపు ఉండకపోవచ్చు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. వాళ్లమ్మ ప్లాస్టిక్ కవర్లో పాత ఓపీ చీటీలన్నీ పట్టుకొచ్చేది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. 'ఇంజెక్షన్‌కి అలవాటుపడ్డాడు మేడమ్' అని ఎవరో అన్నారు. ఒక రాత్రి రెండు ఎమర్జెన్సీ సిజేరియన్లు, ఒక పేగు చిల్లుపడ్డ కేసు. పిల్లాడి కోసం పిలిస్తే 'ఓర్చుకుంటాడులే, పొద్దున చూద్దాం' అన్నాను. పొద్దున వెళ్లేసరికి వాళ్లమ్మ నిద్రపోకుండా వాడి కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. వాడు దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకున్నాడు, పక్క మంచాలవాళ్లు లేవకూడదని. ఆ తర్వాత వాడు మా ఆసుపత్రికి రాలేదు. ఎక్కడికి వెళ్లాడో, అసలు ఎక్కడికైనా వెళ్లాడో లేదో నాకు తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత, 2013లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చదివినప్పుడు ఆ దుప్పటి అంచే గుర్తొచ్చింది. ఆ దేశంలో సికిల్ సెల్ రోగుల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. వాళ్లు ఎమర్జెన్సీలో మిగతా రోగుల కన్నా 25 శాతం ఎక్కువసేపు, ఎముక విరిగినవాళ్ల కన్నా 50 శాతం ఎక్కువసేపు ఎదురుచూశారు. ఇలాంటి నొప్పితో వచ్చిన మనిషికి గంటలోపు మొదటి డోసు పడాలని 2020లో అమెరికన్ హెమటాలజీ సొసైటీ మార్గదర్శకాల్లో రాసింది. మన దేశంలో 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కోసం జాతీయ మిషన్ మొదలైంది. ఉట్నూరులో, భద్రాచలంలో, పాడేరులో పనిచేసే కుర్ర డాక్టర్లు ఇది చదువుతుంటే, రక్తపరీక్షల క్యాంపులతోపాటు ఆ గంట సంగతి కూడా పట్టించుకోమని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

నీ రాత్రికి తిరిగి వద్దాం. నువ్వు రాయలేదు గానీ, ఆ రెండున్నర గంటల్లో నీ బుర్రలో ఏమేం ఉన్నాయో నేను చెప్పగలను. ఎమ్మెల్సీ రిజిస్టర్ (పోలీసులకు చెప్పాల్సిన కేసుల పుస్తకం) నింపాలి, పోలీసులకు ఇంటిమేషన్ వెళ్లాలి. ఒకరికి రక్తం తెప్పించాలి, అటెండర్ లేడు. ఎక్స్‌రే రూమ్ నుంచి ఫిల్మ్ రాలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఫోన్ చేసి పొద్దుటి ఓటీ లిస్టు అడిగాడు. ఒక కుటుంబం ప్రైవేటుకి తీసుకెళ్లాలా అని పదిసార్లు అడుగుతోంది. ఎవరో రాజకీయ నాయకుడి మనిషి ఫోన్ నీ చేతికిచ్చి 'అన్నతో మాట్లాడండి' అన్నాడు. ఇన్నింటి మధ్య బ్యాంకు ఉద్యోగి నీ పని సగం తానే చేసిపెట్టాడు. ఎక్కడ నొప్పో చెప్పాడు, ఎంతో చెప్పాడు, పుస్తకంలో ఉన్న భాషలో చెప్పాడు. నువ్వు రాయడమే మిగిలింది. ఆవిడ దగ్గర మాత్రం కూర్చోవాలి, అడగాలి, ఆమె మాటని అర్థం చేసుకోవాలి, దాన్ని అంకెగా మార్చుకోవాలి. ఆ నాలుగు పనులకు నీ దగ్గర చోటు లేదు. ఆమె వెనకబడింది అక్కడే.

కాబట్టి ఆ నాలుగు పనుల్ని తేలిక చేసుకోవాలి. మన జనం నొప్పిని చెప్పలేరని అనుకోవద్దు. మనకు నొప్పికి ఉన్నన్ని మాటలు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. సలుపుతోంది, పోటు పొడుస్తోంది, పీకుతోంది, గుంజుతోంది, తీపు తీస్తోంది, లాగుతోంది, మంట, జివ్వుమంటోంది. ప్రతి మాటకీ ఒక అర్థం ఉంది. మంటా, జివ్వుమనడమూ చాలాసార్లు నరానికి సంబంధించినవి. చీము పట్టినచోట సలుపుతోందంటారు. రాళ్ల నొప్పిని పోటు అంటారు. 'ఎలా ఉందమ్మా?' అంటే 'బాగానే ఉన్నానమ్మా' అంటారు, అది మర్యాద. 'సలుపుతోందా, పొడుస్తోందా?' అని అడిగి చూడు, ఆగకుండా చెప్తారు.

'పదికి ఎంత?' అంటే తికమకపడేవాళ్లతో నేను రూపాయి లెక్క వాడేదాన్ని. 'భరించలేని నొప్పి రూపాయి అనుకో, ఇప్పుడు నీకెంతుంది?' అంటే ముసలివాళ్లు ఠక్కున 'ముప్పావలా' అనేవాళ్లు. ఒకావిడ 'పదహారణాలూ ఉందమ్మా' అంది, నేనెప్పుడూ మర్చిపోను. ఈ కాలం పిల్లలకి అణాలు తెలియవు, వందకి ఎంత అని అడుగు. రోజూ కూలి లెక్కపెట్టుకునే మనిషికి లెక్క రాదనుకోవడం మన పొరపాటు. కోయ, గోండి, లంబాడీ మాట్లాడేవాళ్లయితే వార్డులో ఆ భాష వచ్చిన ఆయమ్మో, పక్క రోగి బంధువో ఎవరో ఒకరుంటారు. వెతికితే రెండు నిమిషాల పని.

ఇంకో మాట, ఇది ఎముకల డాక్టర్‌గా నీకు. ముంజేయి విరిగినప్పుడు కట్టు కట్టి, మందు వేశాక కూడా నొప్పి పెరుగుతూ పోతుంటే, వేళ్లు చాపితే భరించలేకపోతుంటే, అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌కు, అంటే లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందకుండా పోవడానికి, తొలి హెచ్చరిక అని నీకు తెలుసు. నాడి ఆగేదాకా చూస్తే చెయ్యి పోతుంది. నొప్పి అడగని మనిషిలో ఆ హెచ్చరికను ఎలా పట్టుకుంటావు? ఆవిడని నొప్పి గురించి అడగడం దయ చూపడమే అనుకోకు, అది పరీక్షలో భాగం. పొట్టనొప్పికి సర్జన్ చూసేదాకా మందు వేయకూడదని మీ సీనియర్లు ఇంకా చెప్తుంటే, నొప్పి తగ్గించడం వల్ల రోగనిర్ధారణ దెబ్బతినదని ట్రయల్స్ చెప్పి చాలాకాలమైందని మెల్లగా గుర్తుచెయ్యి.

ఇక నేను నిజంగా నమ్మేది. రేపటి నుంచి మంచిగా ఉంటానని ఒట్టు పెట్టుకోకు. 26వ గంటలో ఆ ఒట్టు నీకు గుర్తుండదు. నిర్ణయాన్ని ఆ గంటలోంచి బయటికి తీసెయ్యాలి. ఎముక విరిగినట్టు అనుమానం ఉన్న ప్రతి మనిషికీ, వచ్చిన వెంటనే సిస్టర్ నొప్పి అంకె అడిగి చీటీ మీద రాయాలి. చెయ్యి కదలకుండా స్ప్లింట్ వేయాలి, అదే సగం నొప్పి తగ్గిస్తుంది. మందు ఏది, ఎంత, ఎవరికి వేయకూడదు అన్నది ముందే రాసి, విభాగాధిపతి సంతకంతో గోడ మీద ఉండాలి. కిడ్నీ జబ్బు, అల్సర్, గర్భం, అలర్జీ చూసుకుని సిస్టరే మొదటి డోసు వేయగలిగేలా ఉండాలి. అప్పుడు బ్యాంకు ఉద్యోగీ సెంట్రింగ్ ఆవిడా నీ దయ కోసం ఎదురుచూడనక్కర్లేదు. అరగంట తర్వాత మళ్లీ అంకె అడగాలి. ఆ రాత్రి ఆవిడని గమనించింది ఎవరు? సిస్టర్. ఆవిడకి నీకన్నా తక్కువ పనేమీ లేదు. ఆమె చూసినదానికి అధికారం ఇవ్వమని అడుగుతున్నాను, అంతే.

ఇలాంటి కాగితం తెమ్మంటే ఒక పీజీ మాట ఎవరు వింటారని నీకు అనిపిస్తుంది. అందుకే అంకెలతో వెళ్లు. గత రెండు నెలల ముంజేయి, కాలి ఫ్రాక్చర్ కేస్ షీట్లు ఓ అరవై తీసుకో. వచ్చిన టైము, మొదటి నొప్పి మందు పడిన టైము, వయసు, ఆడా మగా, వృత్తి, ఎవరి సిఫారసుతో వచ్చారు, పగలా రాత్రా. వృత్తి గడిలో చాలాచోట్ల ఏమీ రాసి ఉండదు, ఆ ఖాళీని కూడా లెక్కపెట్టు. నీ సంతకం ఉన్నవి విడిగా తీసి ముందు నువ్వే చూసుకో. నీకు ఇంకా థీసిస్ టాపిక్ ఖరారు కాకపోతే, ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇదే టాపిక్ చేసుకో. ఇలాంటి లెక్కలు మన బోధనాసుపత్రుల నుంచి ఎన్ని వచ్చినా తక్కువే.

డ్యూటీ గంటల విషయంలో కూడా నోరు విప్పాలి. రెసిడెంట్లకు సాధారణంగా ఏకధాటిగా 12 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదని 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. వారానికి 74 గంటలు మించకూడదని 2024లో జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్ ఫోర్స్ సిఫారసు చేసింది. ఇవి అమలు కావడం లేదని నీకు నేను చెప్పాల్సిన పనిలేదు. కానీ ఇప్పటిదాకా మనం వీటిని డాక్టర్ల ఆరోగ్యం కోసమే అడిగాం. మీ జూనియర్ డాక్టర్ల సంఘం ఈసారి వినతిపత్రం రాసినప్పుడు, 26 గంటలు నిద్రలేని డాక్టర్ దగ్గర ఏ రోగి వెనక్కి పోతాడన్నది కూడా అందులో రాయండి.

మందుల కొరత సంగతి క్లుప్తంగా. మాదకద్రవ్యాల్ని అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మార్ఫిన్ చుట్టూ ఎన్ని లైసెన్సులు కట్టిందో, ఆ లైసెన్సులు తగ్గించిన 2014 సవరణ తర్వాత కూడా ఎన్ని ఆసుపత్రులు ఆ పేరు వింటే భయపడతాయో నా సర్వీసంతా చూశాను. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క ప్రకారం మన దేశానికి అవసరమైన మార్ఫిన్ జాతి మందుల్లో అప్పట్లో 4 శాతమే అందేది. బీరువాలో నాలుగు వయల్స్ ఉన్నచోట అవి ఎవరికి పడతాయో చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) విభాగంలో కొన్ని రోజులు పోస్టింగ్ దొరికితే తప్పకుండా వెళ్లు. నొప్పిని అడగడం, మళ్లీ అడగడం, రాసి పెట్టడం అక్కడ రోజువారీ పని. నీ చేతికి ఆ అలవాటు పడాలి.

ఇది చదివే రోగుల బంధువులకు ఒక్క మాట. ఊరుకుంటే డాక్టర్‌కి గౌరవం ఇచ్చినట్టు కాదండీ. 'పడింది ఇన్ని గంటలకి, నొప్పి వందకి ఎనభై ఉంది, మందు ఎప్పుడు వేస్తారు?' అని సిస్టర్‌ని అడగండి. అరగంటకి తగ్గకపోతే మళ్లీ అడగండి. అది మీ హక్కు.

చివరగా, అమ్మా, క్షమాపణ సంగతి. చెప్పాలి. కానీ నీ బరువు దించుకోవడానికి ఆమె ముందు ఏడవకు. నిన్ను ఓదార్చే పని ఆమెకి పడుతుంది, ఆమె ఆ పని కూడా చేస్తుంది. ప్లేట్లు వేశారో, పిండికట్టు వేశారో నువ్వు రాయలేదు. ఏదైనా రివ్యూకి ఓపీకి వస్తుంది. తేదీ రిజిస్టర్లో ఉంటుంది, ఇప్పుడే చూసి రాసుకో. ఆ రోజు నీ డ్యూటీ ఓపీలో లేకపోయినా వెళ్లు. ఆమెకి కుర్చీ చూపించి, వేళ్లు ఎంతవరకు ముడుస్తోందో చూడు. 'ఆ రాత్రి నీకు సూది ఆలస్యంగా వేశానమ్మా, ముందే వేయాల్సింది, తప్పు నాది' అను. తర్వాత పనికి ఎప్పటి నుంచి వెళ్లాలనుకుంటోందో అడుగు, ఎందుకంటే చాలా తొందరగా వెళ్లాలనే అనుకుంటూ ఉంటుంది, ఇంట్లో ఏం జరుగుతోందో అప్పుడు చెప్తుంది. ఫిజియోథెరపీ చీటీ నువ్వే రాసి, ఆ గది దాకా నడిచి చూపించు. ఆ తర్వాత ఇప్పుడు నొప్పి ఎంతుందని అడుగు. 'బాగానే ఉందమ్మా' అంటుంది. రూపాయికి ఎంత అని మళ్లీ అడుగు.